బ్రేకు లేని బండి

బ్రేకుల పెద్దాయన దృష్టిలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు: బండి ఆపడం తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. నడపడం ఎవడైనా నడుపుతాడు, అందులో ఏముంది గొప్ప అనేవాడు. బస్సుల షెడ్డులో బ్రేకులు బిగించి బిగించి జుట్టు నెరిసింది, ఆ పేరే ఖాయమైపోయింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని ఆయనే పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు.

పదవీ విరమణ అయ్యాక ఇంటి మీద పడ్డాడు. చేతులు ఊరుకోవు కదా! కుళాయిలు బిగించాడు, తలుపు గడియలు బిగించాడు, వంటింట్లో డబ్బాల మూతలు బిగించాడు. పొద్దున్నే కాఫీ పొడి డబ్బా మూత రాక భార్య దాన్ని చంకలో ఇరికించుకుని పెనుగులాడుతుంటే, "బిగువంటే అదీ!" అని మురిసిపోయేవాడు. ఇక కబుర్లంటారా, షెడ్డు కథ ఒకటి ఎత్తుకున్నాడంటే భార్య వంటింట్లోకీ, కొడుకు ఫోనులోకీ మాయమయ్యేవారు. కోడలు మాత్రం కదలకుండా కూర్చునేది. కానీ ఆమె ఒళ్ళో ఎప్పుడూ దిద్దాల్సిన పరీక్ష పేపర్లు ఉండేవి. తల ఎత్తకుండా ఆమె కొట్టే "ఊఁ" తన కథకో, పిల్లల జవాబుకో అర్థంకాక ఆయన ఉడికిపోయేవాడు. ఈ ఇంట్లో తన మాట వినే నాథుడే లేడని ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

కోడలు బడిలో సైన్సు టీచరు. వరండా చివరి గది ఆమెది: నాలుగు పొడుగు బల్లలు, ఒక సింకు, గాజు సామాను బీరువా. పిల్లలు తమ చేత్తో తాము ఏదైనా చేసి చూసేది బడి మొత్తం మీద ఆ ఒక్క గదిలోనే. హెడ్మాస్టరుకి మాత్రం ఆ గదిని చూస్తే విరిగిన కుర్చీలు గుర్తొచ్చేవి. అవి ఆరుబయట వానకి తడుస్తున్నాయి, వాటిని పెట్టడానికి చోటు లేదు, ఈ గదిలో జరిగేది రంగు నీళ్ళు కలిపి మళ్ళీ పారబోయడమే కదా అని ఆయన బాధ. కోడలు బతిమాలింది, పోట్లాడింది, చివరికి ఏడ్చినంత పని చేసింది. "సరేనమ్మా, ఊళ్ళో బడులన్నిటికీ సైన్సు పోటీ ఉందిగా. మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి పట్టుకురండి, గది మీది. లేకపోతే కుర్చీలది" అని హెడ్మాస్టరు తేల్చి చెప్పాడు.

చిన్న బొమ్మ బండి కట్టి నడిపే ఆ పోటీ ఈసారి పిల్లలకి కాదు, టీచర్లకి. పోయిన ఏడు పిల్లల పేరుతో వాళ్ళ నాన్నలు బళ్ళు కట్టి, వచ్చి వాళ్ళలో వాళ్ళు చొక్కాలు పట్టుకున్నారట. అందుకని నిర్వాహకులు విసిగిపోయి, చదువు చెప్పేవాళ్ళే కట్టాలి, సాయానికి ఒక్క మనిషిని తెచ్చుకోవచ్చు అన్నారు.

"మామయ్యా, చిన్న బండి ఒకటి కట్టాలి. మీ సాయం కావాలి" అంది కోడలు ఆ సాయంత్రం.

పెద్దాయన వాలు కుర్చీలోంచి అమాంతం లేచాడు. ఈ ఇంట్లో ఆయన్ని సాయం అడిగినవాళ్ళు లేక ఎంత కాలమైందో!

"ఇంజను ఏంటమ్మాయ్?"

"ఇంజను లేదు మామయ్యా. సీసాలో వెనిగర్ పోసి, అందులో వంటసోడా పొట్లం వేస్తాం. రెండూ కలిస్తే గ్యాసు పుడుతుంది. అది వెనక కన్నంలోంచి బుస్సుమని తన్నుకొస్తుంటే బండి ముందుకి పోతుంది. ఊదిన బుడగ వదిలేస్తే ఎగురుతుంది చూడండి, అలా."

"బాగుంది. మరి బ్రేకు?"

"బ్రేకు ఉండకూడదు."

పెద్దాయన తను విన్నది నిజమేనా అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ మూతతో కుస్తీ పడుతోంది.

"అదే మామయ్యా పోటీ. నేల మీద ఒక గీత గీస్తారు, అది ఎంత దూరంలో ఉంటుందో ఆ రోజే చెబుతారు. అంత దూరానికి సరిపడా సోడా లెక్క కట్టి వేయాలి. గ్యాసు అయిపోయి బండి దానంతట అదే గీత మీద ఆగాలి. ఎవరి బండి గీతకి దగ్గరగా ఆగితే వాళ్ళది గెలుపు. బ్రేకు కనిపించిందంటే బయటికి పంపేస్తారు. మీరు చక్రాలు తిన్నగా తిరిగేలా బిగించి పెట్టండి చాలు."

"దానంతట అదే ఆగే బండి! నేను షెడ్డులో వెయ్యి బస్సులు చూశాను, ఒక్కటీ దానంతట అది ఆగలేదు" అన్నాడు పెద్దాయన. అన్నాడే గానీ, ఆ రాత్రి భోజనం ముగియకముందే చెక్కపలక తెచ్చి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు.

బండి కుదురుగానే వచ్చింది. తేలికపాటి చెక్క, డబ్బా మూతల చక్రాలు, గొడుగు ఊచ కోసి చేసిన ఇరుసులు, పైన అడ్డంగా కట్టిన ప్లాస్టిక్ సీసా, దాని మూతికి రబ్బరు బిరడా. బిరడా మధ్యలో కోడలు ఒక కన్నం చేసి పెట్టింది.

మొదటి పరీక్ష ముందు గదిలో జరిగింది. కోడలు సోడా పొట్లం సీసాలో జారవిడిచి, బిరడా నొక్కి, బండిని నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. సీసాలో బుసబుసా నురగ పొంగింది. బండి కదల్లేదు. సీసా ఉబ్బింది. బండి అయినా కదల్లేదు.

"మామయ్యా, బిరడాని మీరేమన్నా చేశారా?"

"లీకుంటే మూసేశా. కన్నం పడి ఉందమ్మాయ్, నువ్వు చూసుకోలేదు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. గట్టి లక్క పెట్టి..."

ఆ మాట పూర్తి కాలేదు. ఢామ్మని బిరడా ఎగిరి తిరుగుతున్న ఫ్యానుకి కొట్టుకుంది, ఫ్యాను దాన్ని గోడకి కొట్టింది, గోడ దాన్ని అప్పుడే ఆఫీసుకి తయారై వచ్చిన కొడుకు నుదుటికి అప్పగించింది. వెనకాలే వెనిగర్ వాన కురిసింది. ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడ్డ కొడుకు ఆ ఇద్దర్నీ చూసి, నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకుని, చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

"ఆ కన్నమే మన ఇంజను మామయ్యా!" అంది కోడలు, చెంపల మీద నురగ తుడుచుకుంటూ.

పెద్దాయన సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. బ్రేకు గొట్టంలో సూది మొనంత లీకుంటే బస్సెడు మంది ప్రాణాలు పోతాయని నేర్చుకున్న చెయ్యి అది. లీకు కనిపిస్తే ఆ చెయ్యి అడక్కుండానే మూసేస్తుంది.

రెండో పరీక్షకి కన్నం తెరిచారు. ఈసారి బండి ఎంత బాగా కదిలిందంటే, ముందు గది దాటి, గుమ్మం దూకి, వీధి అడ్డంగా కోసుకుంటూ పోయి ఎదురింటి దర్జీ కొట్లోకి దూరింది. దర్జీ రెండు కాళ్ళూ మిషను మీదనుంచి ఎత్తేసి కేకపెట్టాడు. బండి ఆయన కుర్చీ కింద చుట్లు కొట్టి, గుడ్డపేలికల్లో ఇరుక్కుని, ఇంకా బుస్సుమంటూ ఆగింది.

పెద్దాయన దాన్ని తెచ్చుకోవడానికి వెళితే దర్జీ ఒకే ఒక్క మాట అడిగాడు. "ఏంటి పెద్దాయనా, మీ ఇంటి బండికి బ్రేకు లేదా?"

ఆ మాట ఆయన గుండెలో దిగబడింది. తన చేత్తో కట్టిన బండి, అదుపు లేకుండా పరాయివాడి కొట్లో దూరడమా! భోజనం సహించలేదు. మర్నాడు కోడలు బడికి వెళ్ళాక సైకిలు బ్రేకు రబ్బరు నుంచి గోరంత ముక్క కోశాడు. పాడైపోయిన పెన్నులోంచి స్ప్రింగు లాగాడు. చెక్క అడుగున ఎవరికీ కనిపించని చోట, వెనక ఇరుసుకి ఆ రబ్బరు మెత్తగా ఆనుకుని ఉండేలా అమర్చాడు. ఇది బ్రేకు కాదు, బండికి కాస్త మర్యాద నేర్పడం మాత్రమే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆయన్ని ఒప్పించడం పెద్ద కష్టమేమీ కాలేదు.

అప్పట్నుంచీ బండి నడక మారిపోయింది. సెలవు రోజున ఇద్దరూ బడి వరండాలో దాన్ని పరుగెత్తించారు. గ్యాసు అయిపోగానే పద్ధతిగా నెమ్మదించి, బుద్ధిమంతుడిలా ఆగిపోయేది. చెంచాడు సోడాకి ఇంత దూరం, చెంచాన్నరకి ఇంత దూరం, మళ్ళీ వేసినా అంతే దూరం. కోడలు సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ చిన్నపిల్లలా గెంతింది.

"చూశారా మామయ్యా! వెంట్రుకవాసి తేడా లేదు. నా లెక్క కుదిరింది. గది ఎక్కడికీ పోదు!"

పెద్దాయన నాలుక చివరిదాకా వచ్చిన గొప్పని పళ్ళ బిగువున ఆపుకున్నాడు. తను చేసిన పని ఒకటి దాచుకోవాల్సి రావడం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. కడుపు ఉబ్బి చచ్చేలా ఉంది. అయినా ఆమె సంతోషం చూసి ఊరుకున్నాడు.

పోటీ రోజు రానే వచ్చింది. పెద్ద హాలు, నున్నటి నేల, ఒక పక్క వరసగా టీచర్లు, వాళ్ళ పక్కన సాయానికి వచ్చిన మొగుళ్ళు, అక్కలు, తమ్ముళ్ళు. హాలంతా వెనిగర్ వాసన. హెడ్మాస్టరు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పరీక్షాధికారి ఒక సన్నటి ఆవిడ, ఒకప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిందట. మెడలో గొలుసుకి భూతద్దం వేలాడుతుంటుంది కాబట్టి అందరూ ఆవిడని భూతద్దం మేడమ్ అంటున్నారు. గీత ఎంత దూరమో చెప్పేసి, ఒక్కొక్క బండినీ తీసుకుని తిరగేసి, భూతద్దం పెట్టి పొట్టా వీపూ చూసి, అప్పుడు గానీ నేల మీదకి వదలనివ్వడం లేదు.

వీళ్ళకంటే ముందున్న బండిని ఆవిడ తిరగేసింది. ఇరుసుకి చుట్టిన దారం ఒకటి వేలితో పైకి లాగింది. "దారం అయిపోతే బండి ఆగుతుంది. అంతేనా?" అంది ప్రశాంతంగా. ఆ టీచరు ఏదో గొణిగాడు. "తీసుకెళ్ళండి" అంది అంతకంటే ప్రశాంతంగా. ఆ బడి పేరు బోర్డు మీద కొట్టేశారు.

పెద్దాయన చూపు తమ బండి అడుగుకి పోయింది. వాళ్ళ వంతు రానే వస్తోంది.

"అమ్మాయ్, చక్రం కాస్త కిర్రుమంటోంది. ఒక్క నిమిషం" అని బండి లాక్కుని, బయట మంచినీళ్ళ కుళాయి వెనక్కి పరుగెత్తాడు. ఎలాగో రబ్బరు ముక్క పీకి, స్ప్రింగు పీకి, జేబులో వేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచింది అనుకుంటూ లోపలికి వచ్చాడు.

కోడలు చిన్న తక్కెడ ముందు కూర్చుని సోడా తూస్తోంది. "వరండాలో చూసిన లెక్క ప్రకారం దీనికి ఇంత. కచ్చితంగా గీత మీదే" అంటోంది తనలో తాను.

అప్పుడు వెలిగింది పెద్దాయనకి. వరండాలో ఆమె చూసిన ప్రతి దూరమూ బ్రేకు ఉన్న బండి దూరం. ఇప్పుడు బ్రేకు లేదు. ఆ లెక్కన సోడా వేస్తే బండి గీత దాటి, హెడ్మాస్టరు కాళ్ళ కిందికి పోయి ఆగుతుంది. గది కుర్చీల పాలు.

ఊరుకుంటే? ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కోడలు రసాయనం తన్నేసిందనుకుంటుంది, తన లెక్క తప్పిందనుకుంటుంది, ఇంటికెళ్ళి దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తుంది. పెద్దాయన మీద ఈగ వాలదు. ఈ ఆలోచన ఆయనకి వచ్చిన మాట నిజం. వచ్చినందుకు ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసిన మాట కూడా నిజం.

"అమ్మాయ్" అన్నాడు. జేబులోంచి రబ్బరు ముక్క తీసి తక్కెడ పక్కన పెట్టాడు. "ఇది... బండి కింద ఉండేది. దర్జీ కొట్లోకి దూరిన మర్నాటి నుంచీ."

కోడలు ఆ ముక్కని చూసింది. ఆయన్ని చూసింది. "మామయ్యా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. తిట్టు ఎంత పెద్దదైనా తట్టుకోవచ్చు, ఆ ఒక్క మాటలో ఉన్నది మాత్రం ఆయన తట్టుకోలేకపోయాడు.

"తిట్టాలంటే ఇంటికెళ్ళాక తిట్టు" అన్నాడు.

"తిడతాను" అంది ఆమె. "ముందు ఇది చెప్పండి. ఈ ముక్క బండిని ఎంత పట్టేసేది?"

"నేను వేసిన బ్రేకమ్మాయ్ అది! పోవాల్సిన దూరంలో సగం మింగేసేది."

కోడలు తక్కెడలోంచి సోడా కొంచెం వెనక్కి తీసింది. సగం తీయలేదు. నాలుగో వంతు తీసింది.

"సగం అన్నాను!" అన్నాడు పెద్దాయన.

"మీరు సగం అంటే నాలుగో వంతు మామయ్యా."

"అంటే?"

"అంటే అంతే. వెయ్యి బస్సులంటే ఐదొందలు. కొండ దిగేటప్పుడు మీరు ఆపిన బస్సులో నలభై మంది అని ఒకసారి, ఎనభై మంది అని ఒకసారి చెప్పారు. నలభయ్యే నిజం. ఇంజనీరు మీకు రెండుసార్లు దండం పెట్టాడన్నారు, అత్తయ్యని అడిగితే ఒకసారే అంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. మీరు ఏది చెప్పినా సరిగ్గా దానికి సగం. ఒక్కసారి కూడా తప్పలేదు." పొట్లం కడుతూ ఆమె ఆ మాటలన్నీ చాలా మామూలుగా అనేసింది.

పెద్దాయనకి ముందు రోషం వచ్చింది. అది వచ్చిన వేగంతోనే పోయింది. కొండ బస్సు కథ! అది చెప్పి ఏళ్ళయింది. నలభై అన్నది ఎప్పుడో, ఎనభై అన్నది ఎప్పుడో ఆయనకే గుర్తులేదు. పేపర్లు దిద్దుకుంటూ తల ఎత్తకుండా కూర్చున్న ఈ పిల్ల ప్రతి కథా విన్నది. విని, పక్కన పెట్టుకుని, ఇంకోసారి విన్నప్పుడు పోల్చి చూసుకుంది. ఆయన మాటల్లో ఎంత అబద్ధమో, ఎంత నిజమో ఆయన కంటే బాగా ఆమెకి తెలుసు. ఆయన బండి చక్రం తుడిచాడు.

భూతద్దం మేడమ్ బండి తిరగేసింది. భూతద్దం ఇరుసు మీద నెమ్మదిగా జరిగింది. ఒకచోట కాసేపు ఆగింది. రబ్బరు ఉన్నచోట చెక్క మీద నల్లటి మరక ఉంది.

"ఇదేంటి?"

"ఇందాకటి దాకా అక్కడొక బ్రేకు ఉండేదండి" అంది కోడలు. "ఇప్పుడు లేదు." రబ్బరు ముక్క చూపించింది.

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ ఇరుసుని వేలితో ఒకసారి తిప్పింది. చక్రాలు గిర్రున తిరిగి, తిరిగి, తిరిగి ఎప్పటికో ఆగాయి. "ఇప్పుడు లేదు" అని ఆవిడ కూడా ఒప్పుకుంది. "కానివ్వండి."

కోడలు పొట్లం వేసి, బిరడా నొక్కి, సీసా ఊపి, కన్నం మీంచి వేలు తీసింది. బండి బుస్సుమంటూ బయల్దేరింది. సగం దూరం దాకా బాణంలా పోయింది. అక్కడ బుస్సు కాస్తా తుస్సుమని సన్నబడింది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. గీత దగ్గరికి వస్తోంది. ఇంకా తిరుగుతున్నాయి. పెద్దాయన కుడికాలు దానంతట అదే నేలని తొక్కింది. ఇంకా గట్టిగా తొక్కింది. పక్కనున్న ఎవరిదో కాలు దాని కింద పడి నలిగింది, ఆ మనిషి కుయ్యోమన్నాడు. బండి నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, గీతకి బెత్తెడు ఇవతల చివరి నురగ బుడగ ఒకటి వదిలి ఆగిపోయింది.

ఇంకా నాలుగు బళ్ళు మిగిలున్నాయి. ఒకటి గోడకి కొట్టుకుంది, ఒకటి మధ్యలో అలిగి కూర్చుంది, ఒకటి వెనక్కి నడిచింది. ఆఖరుది మాత్రం సరిగ్గా గీతని ముద్దుపెట్టుకుని ఆగింది. దానిది మొదటి స్థానం, వీళ్ళది రెండో స్థానం. హెడ్మాస్టరు లేచి, "గది మీదేనమ్మా. కుర్చీలకి ఒక రేకుల చూరు వేయిద్దాం" అన్నాడు, అదేదో తనకే తట్టిన ఆలోచన అయినట్టు. కోడలు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటిదాకా తీయలేదు.

భూతద్దం మేడమ్ పేర్లు రాసుకోవడానికి వచ్చింది. "సాయం చేసింది మీరేనా? ఏమేం చేశారు?" అని పెద్దాయన్ని అడిగింది.

ఇలాంటి ప్రశ్న కోసమే ఆయన బతికిందంతా. చెక్క చిత్రిక పట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చెప్పగలడు. నోరు తెరిచాడు. పక్కన నిలబడ్డ కోడల్ని చూశాడు. ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"చక్రాలు బిగించానండి" అన్నాడు. "అంతే."

మేడమ్ కలం కదలబోయింది.

"ఆగండి మేడమ్" అంది కోడలు. "ఈసారి మాత్రం ఆయన చెప్పినదానికి రెండింతలు వేసి రాసుకోండి."

పెద్దాయనకి ఏడుపొచ్చేసింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు.